మా పాడ్‌కాస్ట్ కవర్ నాలుగోసారికి కుదిరింది

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి తెచ్చే రైతులు రాత్రిపూట బస్తాల పక్కనే నడుం వాల్చి చెప్పుకునే మాటలు రికార్డు చేసి పాడ్‌కాస్ట్‌గా పెట్టాలని నేనూ మా చెల్లే అనుకున్నాం. పేరు ‘మిర్చి ముచ్చట్లు’. మూడు ఎపిసోడ్లు రెడీ అయ్యాయి, మైకు, ఎడిటింగ్ ఎలాగోలా నేర్చుకున్నాం, కానీ కవర్ దగ్గర, అంటే యాప్‌లో పాడ్‌కాస్ట్ పేరుతో పాటు కనిపించే బొమ్మ దగ్గర, ఇరవై రోజులు ఆగిపోయాం. తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటిది ఫోటో కవర్. ఫిబ్రవరిలో యార్డుకి వెళ్లినవాళ్లకి తెలుసు, ఎటు చూసినా ఎరుపే, ఘాటుకి తుమ్ములు ఆగవు. ఆ కుప్పలన్నీ వచ్చేలా మెట్లెక్కి ఫోటో తీశాను, దాని మీద పేరు, కింద ‘రైతుల కష్టసుఖాలు వారి నోటనే’ అని ఒక లైను, ఒక మూల మా ఇద్దరి పేర్లు, వరంగల్ అని తెలియాలి కదా అని ఇంకో మూల కాకతీయ తోరణం. లాప్‌టాప్‌లో చూస్తే కళ్లు నిండిపోయాయి. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ వాళ్లు చదరంగా ఉన్న బొమ్మే అడుగుతారు, కనీసం 1400 పిక్సెళ్ల నుంచి 3000 వరకు ఉండాలి, నేను 3000 పెట్టాను. కానీ అంత సైజులో దాన్ని ఎవరు చూస్తారు? వెతికినప్పుడు లిస్టులో వచ్చేది బొటనవేలి గోరంత. ఆ గోరంతలో మిర్చి కుప్పలు ఎర్ర దుప్పటిలా ఉన్నాయి, తోరణం ఎక్కడుందో నాకే దొరకలేదు. మా బాపు ఫోన్ చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, “గింత చిన్నగ రాస్తే ఎవలు చదువుతరు బిడ్డా” అన్నాడు. ఆయన ముప్పై ఏళ్లుగా మిర్చి వేస్తున్న మనిషి, మేము ఎవరి కోసం ఈ పని చేస్తున్నామో ఆ మనిషే. ఆ రోజే ఆ లైను, మా పేర్లు, తోరణం అన్నీ తీసేశాను. ‘పాడ్‌కాస్ట్’ అనే మాట కూడా తీసేశాను, పాడ్‌కాస్ట్ యాప్‌లో ఉన్నప్పుడు అది పాడ్‌కాస్టేనని మళ్లీ చెప్పక్కర్లేదు.

రెండోసారి హన్మకొండలో ఒక డీటీపీ షాపుకి వెళ్లాను. అక్కడ పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు బాగా చేస్తారు. నేను వాట్సాప్‌లో పంపిన తెలుగు వాళ్లు వాడే ‘అను’ అనే ఫాంటులో పిచ్చి గీతలుగా వచ్చింది, ఎందుకంటే ఫోన్లో మనం కొట్టేది యూనికోడ్, అను ఫాంట్లది వేరే పద్ధతి. సరే, మళ్లీ టైపు చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే ఆ ఎరుపు ఎండకి వెలిసిపోయిన చీర రంగులో ఉంది. ఫైలు ప్రింటు కోసం వాడే సీఎంవైకే అనే రంగుల పద్ధతిలో ఉంది, స్క్రీన్ కోసం ఆర్‌జీబీ కావాలి, ఆపిల్ నియమం కూడా అదే. అడగకపోవడం నా తప్పు, వాళ్లు రోజూ చేసే పని ప్రింటుకే కదా.

ఇక నేనే కూర్చున్నాను. అసలు కష్టం అక్షరాల దగ్గర వచ్చింది. పాత ఫోటోషాప్‌లో పేరు పేస్ట్ చేస్తే ‘ముచ్‌చట్‌లు’ అని వత్తులన్నీ విడిపోయి పడ్డాయి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట దక్షిణాసియా భాషల ఆప్షన్ పెట్టి, ప్రోగ్రామ్ మూసి తెరిస్తే కలిశాయి. తర్వాత రెండు లైన్లుగా పేర్చాను, పైన ‘మిర్చి’, కింద ‘ముచ్చట్లు’. పైన ‘ర్చి’కి ఉన్న చ వత్తు సరిగ్గా వచ్చి కింద ‘చ్చ’ తలకట్టు మీద పడింది. పెద్దగా చూస్తే రెండూ రాసుకుంటున్నట్టు ఉంది, చిన్నగా చూస్తే రెండూ కలిసి ఒక నల్లటి చుక్క. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయే లైను దూరం మన వత్తులకి సరిపోదు, ఇది రాసి పెట్టుకోండి. దూరం పెంచాను, ‘మిర్చి’ని కొంచెం పక్కకి జరిపాను, అప్పుడు వత్తు కింది రెండు అక్షరాల మధ్య సందులోకి దిగింది. ఫాంటు రామభద్ర, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, మందంగా ఉంటుంది. సన్నటి ఫాంట్లు ఎంత అందంగా ఉన్నా గోరంత సైజులో గుడి, వట్రసుడి అన్నీ మాయమైపోతాయి.

బొమ్మకి ఒక్క కాయ చాలనుకుని చపాటా రకం మిర్చి పెట్టాను. మన వరంగల్ చపాటాకి 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది, ఘాటు తక్కువ, రంగు ఎక్కువ, గుండ్రంగా భలే ఉంటుంది. చెల్లె చూసి “టమాట పెట్టినవేందక్కా” అంది. దాన్ని టమాటా మిర్చి అనే పిలుస్తారు, నిజమే, కానీ తెలియనివాళ్లు మాది వంటల షో అనుకుంటారు. మనసు ఒప్పుకోకపోయినా తీసేసి, కొన వంగిన తేజ రకం ఎండు కాయ ఒకటి, తొడిమతో సహా పెట్టాను. వెనకాల ముదురాకుపచ్చ. అది నాకు బాగా నచ్చింది. కానీ ఫోన్‌ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూస్తే కాయ కనిపించలేదు, ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగులోకి పోయాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించని కళ్లు కూడా చాలామందికి ఉంటాయి. రెండూ వేరుగా కనిపించాలంటే ఒకటి లేతగా ఉండాలి. ఆ సాయంత్రం యార్డులో పసుపు కొమ్ముల కుప్ప ముందు నిలబడ్డప్పుడు దొరికింది. లేత పసుపు వెనకాల, ఎర్ర కాయ, నల్ల అక్షరాలు, అంతే. యాప్‌లు మూలల్ని గుండ్రంగా కోసేస్తాయి కాబట్టి అక్షరాల్ని అంచుల నుంచి లోపలికి జరిపాను.

ఇంత చేసి అప్‌లోడ్ చేస్తే రెండు రోజులైనా పాత ఎర్ర దుప్పటే కనిపించింది. టెన్షన్ పడి అన్నీ వెతికాం. కొత్త బొమ్మకి కూడా పాత ఫైలు పేరే పెట్టాను, పేరు మారలేదు కాబట్టి యాప్ పాత బొమ్మనే చూపిస్తోంది, అదీ సంగతి. పేరు మార్చి మళ్లీ పెట్టాక, ఆ మర్నాటికి మారింది. బాపు కళ్లద్దాలు లేకుండానే లిస్టులో వేలు పెట్టి చూపించాడు, “గిదే కదా మనది” అని.

ఇప్పుడు ఎపిసోడ్ల బొమ్మలు చేస్తున్నాను. పసుపు, అక్షరాలు అలాగే ఉంటాయి, కాయ మాత్రం ఆ రోజు మాట్లాడిన రైతు పండించిన రకం. ఐదో ఎపిసోడ్ చపాటా రైతుది, దానికి ఆ గుండ్రటి కాయ ఫోటో దాచిపెట్టాను.