దుబాసీ రైతు పెరట్లో ఒక మధ్యాహ్నం

అంత దూరం కారులో పోతే మాకు మొదట కనిపించింది తలుపుకు వేసిన తాళం. ఇల్లు చూపించే రోజులు వేరే ఉంటాయట. బయలుదేరే ముందు ఫోన్‌లో చూసుకోకపోవడం మా తప్పే. "పార్కు తెరిచే ఉంది అత్తయ్యా, చుట్టూ తిరిగి చూద్దాం" అన్నాడు అల్లుడు. మా ఆయన అప్పటికే పులిహోర డబ్బా పెట్టిన సంచీ కోసం వెతుకుతున్నారు.

పెన్సిల్వేనియాలో వోమెల్స్‌డార్ఫ్ అనే చిన్న ఊరి పక్కన, 422 నంబరు రోడ్డు మీద ఉంటుంది కాన్రాడ్ వైజర్ కమతం. మూడు వందల ఏళ్ల కిందటి జర్మన్ రైతు, దుబాసీ, అంటే ఇద్దరి మధ్య మాటలు తర్జుమా చేసేవాడు. మెకానిక్స్‌బర్గ్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి గంటకు పైగా ప్రయాణం. అక్టోబరు నెల కావడంతో దారి పొడవునా కోతకొచ్చిన మొక్కజొన్న చేలు ఎండి నిలబడి ఉన్నాయి. "అందరూ నయాగరా అంటారు, నువ్వేంటమ్మా రైతు ఇల్లంటావు?" అని అమ్మాయి నవ్వింది.

నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. దాన్ని పెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ది ఈ పెన్సిల్వేనియానే. అంతకు ముందు, 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్‌ను పంపింది కూడా ఇక్కడి లూథరన్ క్రైస్తవ సంఘమే. ఆ సంఘాన్ని 1748లో కూడగట్టిన పాస్టరు హెన్రీ మెల్కియర్ మ్యూలెన్‌బర్గ్ ఈ వైజర్ గారి అల్లుడు. మా ఊళ్లలో ఇంతకన్నా పలచని చుట్టరికాలకే పెళ్లి భోజనాలకు వెళ్లిపోతారు.

రాతితో కట్టిన ఇల్లు చిన్నదే. చుట్టూ పాతిక ఎకరాల పచ్చిక, పెద్ద పెద్ద చెట్లు. బెంచీ మీద కూర్చుని, చదువుకొచ్చిన కథంతా మావాళ్లకు చెప్పాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, వినేవాళ్లు దొరికితే ఆగలేను.

వైజర్ 1696లో జర్మనీలోని వూర్టెంబర్గ్ సంస్థానంలో పుట్టాడు. 1709 చలికాలం యూరప్‌లో మహా ఘోరమైనది, ద్రాక్షతోటలు మాడిపోయాయి. ఆ ఏడే తల్లి పోయింది. తండ్రి పిల్లల్ని వెంటబెట్టుకుని, వేల మంది జర్మన్లతో కలిసి లండన్ చేరాడు. అక్కడి నుంచి 1710లో దాదాపు మూడు వేల మందిని ఓడల్లో న్యూయార్క్ పంపారు. వందల మంది దారిలోనే జ్వరాలతో పోయారు. దిగినవాళ్లకు ఇచ్చిన పని వ్యవసాయం కాదు. ఇంగ్లీషు నౌకాదళానికి పైన్ చెట్ల నుంచి తారు తీయడం. తారు సరిగా రాలేదు, గవర్నరు దగ్గర డబ్బు అయిపోయింది, 1712లో మీ తిండి మీరే చూసుకోండి అన్నాడు. వైజర్ తమ్ముళ్లు ఇద్దరిని అప్పటికే లాంగ్ ఐలండ్‌లో పరాయి ఇళ్లకు పనికి కుదిర్చారు.

ఆ చలికాలంలోనే తండ్రి ఇంకో పని చేశాడు. పదహారేళ్ల కాన్రాడ్‌ను అక్కడి ఆదివాసులైన మోహాక్ తెగ పెద్ద ఒకాయన వెంట పంపాడు, భాష నేర్చుకు రమ్మని. ఎనిమిది నెలలు. ఆకలి, చలి, తాగి గొడవపడేవాళ్లకు దొరక్కుండా దాక్కోవడం. "ఇప్పుడైతే కేసు పెడతారు" అంది అమ్మాయి. పెడతారేమో. కానీ ఆ భాషే అతనికి జీవితాంతం అన్నం పెట్టింది. అటు మోహాక్ వాళ్లున్న ఇరోక్వా తెగలకూ ఇటు పెన్సిల్వేనియా ప్రభుత్వానికీ మధ్య ముప్పై ఏళ్లు దుబాసీగా తిరిగాడు. 1737లో మంచులో ఇరోక్వాల ముఖ్య ఊరు ఒనొండాగా వెళ్తూ, తిండి లేక ఓపిక నశించి, ఇక చనిపోదామని ఒక చెట్టు కింద కూలబడ్డాడు. వెంట ఉన్న ఒనైడా తెగ పెద్ద షికెలమీ వెనక్కి వచ్చి, మంచి మాటలు చెప్పి లేపి నడిపించాడు. ఆ తర్వాత జడ్జి అయ్యాడు, రెడింగ్ పట్నానికి ప్లాను గీయించినవాళ్లలో ఒకడయ్యాడు. అదంతా రాసిపెట్టే ఉంది.

నాకు పట్టుకుంది మాత్రం ఆయన భార్య. పేరు అన్నా ఈవ్. 1720లో పెళ్లి అయింది. అప్పటికి మామగారు న్యూయార్క్‌లో తాము సాగు చేసుకుంటున్న భూముల పట్టా గొడవ తేల్చుకోవడానికి లండన్ పోయి, అక్కడ అప్పుల జైల్లో పడ్డారు. 1729లో నలుగురు పిల్లలతో ఈ తుల్పెహాకెన్ లోయకు వచ్చారు. 200 ఎకరాలతో మొదలైన సేద్యం ఎనిమిది వందలు దాటింది. తోళ్లు పదును చేసే పని కూడా ఉండేది. వీటన్నిటి మధ్య పద్నాలుగు కాన్పులు, పెరిగి పెద్దయినవాళ్లు ఏడుగురు. మొగుడేమో నెలల తరబడి అడవుల్లో. చాలదన్నట్టు 1735లో ఎఫ్రటా మఠంలో చేరాడు, గడ్డం పెంచి బ్రదర్ ఈనాక్ అయ్యాడు! ఆమె కూడా కొన్నాళ్లు వెళ్లి చూసి, తిరిగి పొలానికి వచ్చేసింది. ఆయనకు ఆ మఠం మీద మోజు తీరడానికి 1741 వచ్చింది. బోర్డుల మీద వైజర్‌ను రైతు అని రాస్తారు. నన్నడిగితే ఆ ఇంట్లో రైతు అన్నా ఈవ్. మా నాన్న పంచాయితీలు తీర్చడానికి ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే మిర్చి కల్లంలో కాపలా పడుకున్నది మా అమ్మే. ఊళ్లో మాత్రం ఈనాటికీ అది నాన్న పండించిన పొలమే.

ఇంకో మాట కూడా చెప్పాలి. తుల్పెహాకెన్ అంటే ఇక్కడి ఆదివాసులైన లెనాపే వాళ్ల భాషలో తాబేళ్ల నేల. మొదటి జర్మన్ కుటుంబాలు 1723లో వచ్చి దున్నడం మొదలుపెట్టేనాటికి ఈ నేలను లెనాపేల దగ్గర ఎవరూ కొననే లేదు. వాళ్ల పెద్ద ససూనన్ 1728లో ఫిలడెల్ఫియా వెళ్లి మొరపెట్టుకున్నాడు. డబ్బిచ్చి రాయించుకున్నది 1732లో. న్యూయార్క్‌లో పట్టా లేదని తరిమేయించుకుని వచ్చినవాళ్లు, ఇంకొకరి నేలలో నాగలి పెట్టారన్నమాట. పైగా దుబాసీగా వైజర్ బలమైన ఇరోక్వాల వైపే మొగ్గాడు. నష్టపోయింది లెనాపేలు. 1755లో వాళ్ల దాడులు ఈ లోయ దాకా వచ్చినప్పుడు, ఆయనే తుపాకీ పట్టిన రైతుల్ని వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఆయన మంచివాడా కాదా అని అల్లుడు అడిగాడు. తెలివైనవాడు అన్నాను.

సమాధులు ఒక పక్కగా ఉన్నాయి. వైజర్ 1760లో పోయాడు. రాతి మీద జర్మన్ అక్షరాలు సగం అరిగిపోయాయి. ఆ పక్కనే కొందరు ఆదివాసులను కూడా పూడ్చారని చెబుతారు. అన్నా ఈవ్ ఆయన పోయాక కూడా చాలా ఏళ్లు బతికింది. వీళ్ల మనవడు ఫ్రెడరిక్ మ్యూలెన్‌బర్గ్ అమెరికా ప్రతినిధుల సభకు మొదటి స్పీకర్. ఆ సంగతి చెబితే మా ఆయన ఒక్కసారి సమాధి వైపు గౌరవంగా చూసి, మళ్లీ పులిహోర వైపు తిరిగారు.

దారిలో పక్క ఊళ్లో షూఫ్లై పై కొన్నాం. ఇక్కడి జర్మన్ల వంట, లోపలంతా బెల్లం పాకం లాంటి మొలాసిస్. పాకం ముదిరిందన్నారు మా ఆయన, రెండు ముక్కలు తిన్నాక.

రాత్రి తొమ్మిదింటికి అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఆరున్నర. అన్నా ఈవ్ కథంతా చెప్పాను, పద్నాలుగు కాన్పులు, ఎనిమిది వందల ఎకరాలు, ఊళ్లు తిరిగే మొగుడు. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది.

"పాడి ఎన్ని ఉండేవి ఆవిడకి?"