సండే స్కూలు గదిలో కంప్యూటరు పాఠం

మా సంఘంలో పెద్దవారికి శనివారం సాయంత్రాలు కంప్యూటరు నేర్పుతున్నాను. అరవై దాటినవారు కంప్యూటరుకు జంకుతారని అందరూ అంటారు గానీ, నేను గమనించినంతలో వారి జంకు యంత్రం చూసి కాదు, పక్కవారిని చూసి. పట్నంలోని శిక్షణ కేంద్రంలో పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటే మనకేం? ఇక్కడ మాత్రం పక్కన ఉన్నది ప్రతి ఆదివారం ఒకే వరుసలో కూర్చునే మనిషి, ఒక్కోసారి స్వయానా వియ్యపురాలు. స్త్రీల సమాజంలో అందరి ముందూ తడుముకోకుండా ప్రార్థన చేసే అమ్మగారు మౌస్ పట్టుకోవడం రాక తడబడితే, ఆ సంగతి మర్నాడు ఆరాధన ముగిసేలోపు నలుగురి నోటా నానుతుందని ఆవిడకు బాగా తెలుసు. పరిచయమున్న చోటు గనుక చర్చిలో నేర్పడం తేలిక అనే మాట సగమే నిజం.

అందుకని పాఠం కన్నా ముందు గదిని సర్దుకోవాలి. కూర్చున్నవారి వీపు గోడవైపు ఉండేలా బల్లలు వేస్తే ఒకరి తెర మరొకరికి కనబడదు. పాఠం జరుగుతున్నంతసేపు యువకులను, ముఖ్యంగా మనవలను, లోపలికి రానివ్వను. వారు చెడ్డవారని కాదు. ‘ఇలా ఇవ్వు మామ్మా’ అంటూ మౌస్ లాక్కుని క్షణంలో పని చేసిపెడతారు, ఆ క్షణంలోనే మామ్మగారికి ఇది తన వల్ల కాదని రూఢి అయిపోతుంది. నేర్పేవారు మౌస్ ముట్టుకోకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. వారు ఎంత ఆలస్యం చేసినా చేతులు కట్టుకుని నిలబడి మాటతోనే దారి చెప్పాలి. చెప్పినంత సులభం కాదది.

మౌస్ విషయం తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే పుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేసే ఈ వస్తువు దగ్గరే చాలామంది ఆగిపోతారు. మౌస్ జరిగి జరిగి బల్ల అంచుకు చేరుతుంది, బాణం గుర్తు మాత్రం ఇంకా తెర మధ్యలోనే ఉంటుంది. అక్కడ చేయి బిగుసుకుపోతుంది. దాన్ని పైకెత్తి వెనక్కి పెట్టుకుంటే బాణం ఉన్నచోటే ఉంటుందని చెప్పాలన్న ఆలోచన, తెలిసినవారికి సాధారణంగా రాదు. రెండుసార్లు వెంటవెంటనే నొక్కమంటే రెండో నొక్కుకు మణికట్టు కదిలి, తెరవాల్సిన బొమ్మ కాస్తా పక్కకు జరిగిపోతుంది. అటువంటివారికి ఒకసారి నొక్కి, ఆపైన ఎంటర్ మీట నొక్కమని చెబుతాను. ఫైలు తెరుచుకుంటుంది, మనిషి ఊపిరి పీల్చుకుంటారు. 1990లో విండోస్ 3.0తో పాటు వచ్చిన సాలిటేర్ అనే పేకాట, పట్టుకుని లాగి వదలడం ఎందరికో తెలియకుండానే అలవాటు చేసింది. అయితే చర్చి ఆవరణలో పేకముక్కలు కనబడితే సంఘ పెద్దలు ఊరుకుంటారా? మేము బొమ్మలు గీసే పెయింట్ ప్రోగ్రాములో ఇల్లు, కొబ్బరిచెట్టు గీసుకుంటున్నాము.

రాయడంలో మొదటి పాఠం చెరపడం. ఒక్క వరుస రాయించి, కంట్రోల్, ‘A’ మీటలు కలిపి నొక్కి మొత్తం ఎంచుకుని డిలీట్ నొక్కమంటాను. తెర ఖాళీ కాగానే ‘అయ్యో, పోయింది!’ అన్న మాట తప్పకుండా వినబడుతుంది. అప్పుడు కంట్రోల్, జడ్ నొక్కిస్తే పోయినదంతా తిరిగి వస్తుంది. ఆ పని వారి చేతులతోనే, కావాలని, మళ్లీ మళ్లీ చేయిస్తాను. పాడైపోతుందేమో అనే బెంగకు నేను చెప్పే ధైర్యవచనాల కన్నా ఈ రెండు మీటలే మంచి మందు.

ఏం రాయాలో వెతుక్కునే శ్రమ కూడా ఉండకూడదు. 23వ కీర్తన మా వాళ్లందరికీ కంఠతా వచ్చు కాబట్టి మనసు మాటల మీద కాక వేళ్ల మీద నిలుస్తుంది. ఇంగ్లిషు తెలియనివారికి, తెలుగు అక్షరాలను నేరుగా మీటల మీద అమర్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డే మేలని నా అభిప్రాయం. ఇంగ్లిషు స్పెల్లింగు ఊహించుకుంటూ తెలుగు రాయడం వారికి రెట్టింపు భారం. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. ‘కాపరి’ అని రాయాలంటే కుడి నడిమివేలితో క, ఎడమ నడిమివేలితో దీర్ఘం, కుడి చూపుడువేలితో ప, దానితోనే ర, చివరికి ఎడమ చూపుడువేలితో గుడి. పలక మీద గుణింతం దిద్దినవారికి ఈ పద్ధతి చప్పున పట్టుబడుతుంది. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటిస్తే చాలు.

వచ్చేవారి అవసరాలు మామూలువే: కువైట్‌లో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడటం, 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్ ద్వారా పింఛను కోసం జీవన ధ్రువీకరణ ఇచ్చుకోవడం, స్త్రీల సమాజం చందాల లెక్క. పాస్‌వర్డు పాఠం నాడు మాత్రం కాస్త నవ్వొచ్చింది. చాలామంది పెట్టుకున్నది యోహాను 3:16. అది దొంగకు కూడా తెలిసిన వచనమని నచ్చజెప్పాల్సి వచ్చింది. పాస్టరు గారి పేరుతో డబ్బు అడుగుతూ సందేశం వస్తే ముందు ఆయనకే ఫోను చేయాలని, మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి చెప్పాలని పుస్తకంలో రాయిస్తున్నాను. మందిరంలో ఒకరినొకరు నమ్మే అలవాటు చూసుకునే ఇటువంటి మోసగాళ్లు వస్తారు.

ఇప్పుడు ఆరాధనలో తెర మీద వేసే పాటల స్లైడ్లు మా తరగతి చేతికి వచ్చాయి. ఇదివరకు యువకులు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చేవారు. ళకు ల, ణకు న పడి, ఒత్తులు ఎగిరిపోయి, కీర్తన వేరే అర్థంలోకి పోయేది. పాత కీర్తనల పుస్తకం నోటికి వచ్చిన రిటైరైన పంతులమ్మ గారు ఆ తప్పులను ఒక్కొక్కటే సరిచేసి, మీడియా బృందంలోని కుర్రవాళ్లను పిలిపించి, ళ ఏ మీట మీద ఉందో చూపిస్తున్నారు.