చూపులేని స్నేహితుడితో పోటీ పరీక్షకు: నా అనుభవం

మేమిద్దరం డిగ్రీ చదివినవాళ్లం. వాడికి చూపు పూర్తిగా లేదు. వాళ్లది పల్నాడు పల్లెలో ముస్లిం కుటుంబం, మాది తెనాలి వైపు వ్యవసాయ కుటుంబం. గుంటూరు బ్రాడీపేటలో ఒకే గదిలో ఉంటూ పోటీ పరీక్షలకు చదివాం. ఇలా కలిసి చదివేవాళ్లలో చూపున్నవాడికి మొదట తెలియాల్సిన సంగతి ఒకటుంది: స్నేహితుడి పరీక్ష తను రాయడానికి వీల్లేదు. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాల్లో, అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ (ప్రశ్నలు చదివి వినిపించి, అభ్యర్థి చెప్పిన జవాబు రాసిపెట్టే మనిషి) చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని పెట్టారు. తర్వాత నిబంధనలు మారుతూ వచ్చాయి, పరీక్ష పెట్టే సంస్థను బట్టి షరతులూ మారతాయి. అందుకే నోటిఫికేషన్ రాగానే సిలబస్ కంటే ముందు స్క్రైబ్ గురించిన పేరా చదవాలి. డిగ్రీ స్థాయి పరీక్షకు నేను పనికిరాను, ఇంటర్ కుర్రాడు కావాలి. నాకు మిగిలేది మిగతా పనంతా, అది చాలా ఉంది.

నడకతో మొదలుపెడతాను. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లకూడదు, వెనకనుంచి నెట్టకూడదు. మన చేతి వెనకభాగం వాడి చేతికి తగిలిస్తే వాడే మన మోచేతికి కాస్త పైన పట్టుకుంటాడు. మనం అర అడుగు ముందు నడవాలి. ఇరుకు వస్తే మన చేతిని వీపు వెనక్కి పెడితే చాలు, వాడు మన వెనక్కి సర్దుకుంటాడు. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి “పైకి” అనో “కిందికి” అనో చెప్పాలి, చివరి మెట్టు అయ్యాక “అయిపోయాయి” అనాలి. కుర్చీ దగ్గర భుజాలు పట్టి కూర్చోబెట్టక్కర్లేదు, కుర్చీ వీపు మీద వాడి చెయ్యి పెడితే మిగతాది వాడే చూసుకుంటాడు. “అదుగో అక్కడ”, “ఇటు” అనే మాటలు ఎందుకూ పనికిరావు. “నీ ఎడమ పక్క రెండడుగుల్లో కాలవ” అనాలి.

బ్రాడీపేట ఈ విషయంలో మాకు కలిసొచ్చింది. ఇక్కడ లైన్లకూ అడ్డరోడ్లకూ నంబర్లే పేర్లు. 4వ లైను, 14వ అడ్డరోడ్డు అంటే ఊరంతటికీ తెలుస్తుంది. సందు తగిలినప్పుడల్లా గాలి, చప్పుడు మారతాయి, వాడు వాటితో లెక్క పెట్టుకుంటాడు. ఒక దారి నాతో నాలుగైదుసార్లు నడిస్తే తర్వాత తెల్ల కర్రతో ఒక్కడే వెళ్లొస్తాడు. అడ్డం వచ్చేది దారి తెలియకపోవడం కాదు, ఫుట్‌పాత్ మీద పెట్టిన బైకులు. కర్ర కింద చక్రానికి తగిలేలోపే హ్యాండిల్ పొట్టకు తగులుతుంది.

ఇక పుస్తకాలు. తెర మీది అక్షరాలు పైకి చదివే స్క్రీన్ రీడర్, అంటే ఫోన్లో టాక్‌బ్యాక్, ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ ఉంటే, యూనికోడ్ తెలుగు (ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనబడే టైపు) ఏదైనా వాడే వినేస్తాడు. చిక్కంతా కోచింగ్ మెటీరియల్‌తో. అందులో చాలాభాగం అను ఫాంట్లలో టైపు చేసిందే. చూడటానికి తెలుగే గానీ ఫైలు లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. అసలు ఫైలు దొరికితే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేయాలి. అచ్చు పుస్తకమే ఉంటే స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని అక్షరాలు టెక్స్ట్ అవుతాయి. పేజీలో రెండు కాలమ్‌లుంటే విడివిడిగా కత్తిరించి ఎక్కించాలి, లేకపోతే ఈ వరస సగం, ఆ వరస సగం కలిసిపోతాయి. వత్తులు ఎగిరిపోతాయి, అంకెలు తారుమారవుతాయి. ఆర్టికల్ నంబర్లు, సంవత్సరాలు మాత్రం కంటితో సరిచూడకుండా ఇవ్వకూడదు. చూపులేనివారి కోసం ఇలా ప్రతులు చేసుకోవడానికి కాపీరైట్ చట్టంలో 2012 సవరణ వీలు కల్పించింది, కాబట్టి సంకోచం అక్కర్లేదు.

టెక్స్ట్‌గా మారనివి నేను చదివి రికార్డు చేస్తాను. ఒక్కో ఫైలు పది, పదిహేను నిమిషాలు మించకూడదు, ఇంకా పెద్దదైతే కావలసిన చోటు వెతకలేడు. ఫైలు మొదట్లో అధ్యాయం, పేజీ చెప్పాలి. పట్టికను అడ్డవరసగా, ప్రతి అంకెకూ దాని శీర్షిక చేర్చి చదవాలి. మ్యాపులకు అట్టముక్క, ఫెవికాల్, దారం చాలు. గోదావరికి లావు దారం, కృష్ణకు సన్నది, పెన్నకు పురి పెట్టినది, ఊళ్లకు శనగబద్దలు. రాత్రంతా ఆరనివ్వాలి, లేకపోతే వేలు పెట్టగానే దారం జరిగిపోతుంది. ఒక అట్ట మీద నాలుగైదు రకాల గుర్తులకు మించితే వేలికి తేడా తెలియదు.

రంజాన్ నెలలో మా వేళలు మార్చుకున్నాం. వాడు సహరికి లేచినప్పుడు నేనూ లేచి, తిన్నాక తెల్లారేదాకా పాలిటీ చదివేవాణ్ని. వాడు వింటూ మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తాడు. చదివేవాడికి అర్థం కాకపోతే ఆ గొంతులోనే వాడికి తెలిసిపోతుంది. నాకు రాజ్యాంగం గట్టిగా పట్టుబడింది ఆ ప్రశ్నల వల్లే.

స్క్రైబ్ ఎంపిక దగ్గరే చాలామంది నష్టపోతారు. దస్తూరి బాగుంటే చాలదు. తెలుగు, ఇంగ్లిష్ రెండూ తడుముకోకుండా చదవాలి. ఒకరిని కాదు, ఇద్దరిని తయారు చేయాలి. ఇంటర్ పిల్లలకు అదే వారంలో సొంత పరీక్షలు పడొచ్చు, జ్వరం రావచ్చు. పాత పేపర్లతో గడియారం పెట్టి కనీసం నాలుగైదు మాక్‌లు (నమూనా పరీక్షలు) రాయించాలి. ప్రశ్న ఒకసారి పూర్తిగా, తర్వాత నాలుగు ఆప్షన్లూ ఒకే గొంతుతో చదవడం నేర్పాలి; సరైన ఆప్షన్ దగ్గర గొంతు మారితే అది అందించినట్టే. జతపరచండి ప్రశ్నకు ఎడమ వరస, కుడి వరస, ఆ తర్వాత ఆప్షన్లు. లెక్కల్లో “బ్రాకెట్ మొదలు”, “బ్రాకెట్ ముగింపు”, “ఇదంతా బై రెండు” అని పలకాలి. ప్యాసేజ్ వస్తే ముందు ప్రశ్నలు, తర్వాత ప్యాసేజ్. జవాబు పత్రంలో బబుల్ (జవాబు గుర్తించే గుండ్రటి గడి) నింపేముందు ప్రశ్న నంబరు, ఆప్షన్ పైకి చెప్పి నింపాలి. వదిలేసిన ప్రశ్న ఒక్కటి లెక్క తప్పితే కిందివన్నీ జరిగిపోతాయి. అరగంటకోసారి టైం చెప్పాలి.

2018 మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. రెండున్నర గంటల పేపరుకు 50 నిమిషాలు. మాక్‌లు కూడా ఆ లెక్కతోనే పెట్టాలి. దరఖాస్తులోనే స్క్రైబ్ కావాలని టిక్ చేయాలి. వైకల్య ధ్రువపత్రం, స్క్రైబ్ ఆధార్, చదువు మెమో, ఇద్దరి ఫొటోలు, సంతకాలతో అండర్‌టేకింగ్ (హామీపత్రం), అన్నీ రెండేసి కాపీలు. పేర్ల స్పెల్లింగ్ అన్నిటిలో ఒకేలా ఉందో లేదో చూడాలి. సెంటర్‌కు ముందురోజే వెళ్లి గది విడిగా ఇస్తారో కనుక్కోవాలి, పైకి చదువుతారు కాబట్టి మామూలు హాల్లో కుదరదు. కొందరు సిబ్బందికి అదనపు సమయం సంగతి తెలియదు. మార్గదర్శకాల్లో ఆ సంగతి ఉన్న పేజీ ప్రింట్ తీసి వాడి జేబులో పెట్టాలి. అడగాల్సింది వాడే, నేను గేటు బయటే ఉంటాను.

మా దగ్గరికి వచ్చిన ఇంటర్ కుర్రాళ్లు మొదట్లో “అన్నకు టీ కావాలా” అని నన్ను అడిగేవాళ్లు. “వాణ్నే అడుగు” అని ప్రతిసారీ చెప్పాను. రెండో మాక్‌కల్లా వాడితోనే మాట్లాడటం మొదలుపెట్టారు, నెల తిరిగేసరికి సివిక్స్ డౌట్లు తెచ్చి వాడితో చెప్పించుకుంటున్నారు. ఆ కుర్రాళ్లలో ఒకడు ఈ ఏడాది ఇంకొకరికి రాయడానికి ఒప్పుకున్నాడు. వాడికి బ్రాకెట్లు చదవడం నేర్పుతున్నది నేను కాదు, మా వాడే.