డిసెంబర్ 9

మా ఇంట్లో టీవీలో ఏ ఇల్లాలి హత్య వార్త వచ్చినా మా పెద్దమ్మ ముందుగా చూసేది భర్త కళ్లనే. "కంట తడి లేదు చూడు, వీడే చేసుంటాడు" అని ఆవిడ తేల్చేసిన తరువాత పోలీసులకు మిగిలే పని ఏమీ ఉండదు. ఆవిడ ఊహ చాలాసార్లు నిజమే అయింది కనుక ఎదురు చెప్పడం కష్టం. అయినా అమెరికాలో సంచలనం రేపిన స్కాట్ పీటర్సన్ కేసు వివరాలు చదివిన తరువాత, మనిషి ముఖం కన్నా అతడు ఏ తేదీన ఏమి చేశాడన్నదే నమ్మదగిన సాక్ష్యమని నాకు గట్టిగా అనిపిస్తోంది.

కాలిఫోర్నియాలోని మొడెస్టోలో 2002 డిసెంబర్ 24న, దాదాపు ఎనిమిది నెలల గర్భిణి అయిన లేసీ పీటర్సన్ కనిపించకుండా పోయింది. ఆమె వయసు 27. ఎరువుల కంపెనీలో అమ్మకాల ఉద్యోగం చేసే ఆమె భర్త స్కాట్, ఆ రోజు తాను సుమారు 90 మైళ్ల దూరంలో ఉన్న బర్క్‌లీ తీరానికి చేపల వేటకు వెళ్లానని పోలీసులకు చెప్పాడు. ఒకరిద్దరితో మాత్రం గోల్ఫ్ ఆడి వచ్చానన్నాడని తరువాత కోర్టులో సాక్ష్యం వచ్చింది. 2003 ఏప్రిల్‌లో, అతడు చేపలు పట్టానన్న ఆ అఖాతం ఒడ్డుకే, ఒక రోజు తేడాతో గర్భస్థ శిశువు దేహమూ తల్లి దేహమూ కొట్టుకువచ్చాయి. చూసిన సాక్షి లేడు, ఆయుధం దొరకలేదు, మరణానికి కారణం వైద్యులు నిర్ధారించలేకపోయారు. కాబట్టి జ్యూరీ ప్రధానంగా తూకం వేయవలసి వచ్చింది ఆ భర్త నడవడికనే.

లేసీ కనిపించకుండా పోవడానికి ముందు నెల, 2002 నవంబర్‌లోనే అతడికి ఫ్రెస్నో నగరానికి చెందిన ఒక యువతితో పరిచయమైంది. తనకు పెళ్లి కాలేదని ఆమెను నమ్మించాడు. డిసెంబర్ 6న ఆ యువతి స్నేహితురాలు అనుమానం వచ్చి నిలదీసినప్పుడు, భార్యను పోగొట్టుకున్నానని, ఆ సంగతి తానే స్వయంగా చెప్పుకుంటానని బతిమాలాడు. ఆ తరువాతి రెండు రోజుల్లో అతడి కంప్యూటర్‌లో అమ్మకానికి ఉన్న పడవల కోసం వెతుకులాట జరిగింది. డిసెంబర్ 9న 14 అడుగుల పడవ ఒకటి 1,400 డాలర్ల నగదుకు కొన్నాడు. అదే రోజు ఫ్రెస్నోకు వెళ్లి, భార్య లేకుండా గడపబోయే మొదటి పండుగ రోజులు ఇవేనని ఆ యువతి ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. అప్పటికి లేసీ మొడెస్టోలోని ఇంట్లో క్షేమంగానే ఉంది.

ఈ వరుసను చదివినప్పుడల్లా నన్ను పట్టి ఆపేది అక్రమ సంబంధం కాదు. అంతకు ముందూ అతడికి అలాంటి సంబంధాలు ఉన్నాయి, అవేవీ హత్య దాకా రాలేదు. ఇక్కడ మాత్రం అబద్ధం పట్టుబడింది. పట్టుబడిన అబద్ధాన్ని ఒప్పుకొని తలవంచుకోవడానికి బదులు, ఆ అబద్ధమే నిజమయ్యేలా లోకాన్ని సవరించే పనికి అతడు పూనుకున్నాడని ప్రాసిక్యూషన్ వాదన సారాంశంగా నాకు అర్థమైంది. ఏడవలసిన చోట ఏడవలేదని అతడిని తిట్టుకున్నవారు, ఏడవకూడని చోట ఎంత చక్కగా ఏడ్చాడో గమనించాలి. మా పెద్దమ్మ పద్ధతిలో చూస్తే డిసెంబర్ 9న అతడు నికార్సయిన విధురుడే!

బ్రిటన్‌లో నేరశాస్త్ర ఆచార్యురాలు జేన్ మంక్టన్ స్మిత్ 372 హత్యలను పరిశీలించి, భాగస్వామిని చంపే మనిషి సాధారణంగా ఎనిమిది దశలు దాటి వస్తాడని 2019లో ప్రతిపాదించారు. భాగస్వామిని గుప్పిట్లో పెట్టుకోవడం, ఏదో ఒక ఘటన రెచ్చగొట్టడం, ఆలోచన మారిపోవడం, పథకం వేసుకోవడం ఆ దశల్లో ముఖ్యమైనవి. చాలా కేసుల్లో రెచ్చగొట్టేది భార్య విడిచి వెళ్లడం, లేదా వెళ్తానని చెప్పడం. పీటర్సన్ కథ ఈ చట్రంలో పూర్తిగా ఇమడదు. అతడు చేయి చేసుకున్నాడన్న ఫిర్యాదు ఏదీ లేదు. లేసీ తల్లిదండ్రులు సైతం ఆ వ్యవహారం బయటపడేవరకు అల్లుడి పక్షానే నిలిచారు. అయితే పట్టుబడటం, వెంటనే ఆలోచన మారడం, ఆ వెనుకే సన్నాహం అన్న వరుస మాత్రం ఆ నాలుగు రోజుల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

లేసీ కోసం ఊరంతా కొవ్వొత్తులు వెలిగించిన డిసెంబర్ 31న, ప్యారిస్‌లో ఈఫిల్ టవర్ దగ్గర నూతన సంవత్సర వేడుకల్లో ఉన్నానని అతడు ఆ యువతికి ఫోన్‌లో చెప్పాడు. ఆమె అప్పటికే నిజం తెలుసుకొని పోలీసులకు సహకరిస్తూ ఆ సంభాషణలను రికార్డు చేస్తోంది. జనవరిలో భార్య కారును ఇచ్చేసి ట్రక్కు తీసుకున్నాడు. ఇంటికి తిరిగి వస్తుందని ఎదురుచూసే మనిషి చేసే పని కాదది.

వ్యభిచారి అయినంత మాత్రాన హంతకుడు కాడని డిఫెన్స్ వాదించింది, అది న్యాయమైన వాదనే. మన పత్రికలు "వివాహేతర సంబంధమే కారణం" అని ఒక్క శీర్షికతో కేసు ముగించేస్తాయి గాని, అలాంటి సంబంధం ఒక్కటే 498ఎ కింద క్రూరత్వం కాదని మన సుప్రీంకోర్టే 2013లో చెప్పింది. జ్యూరీ 2004 నవంబర్‌లో అతడిని దోషిగా తేల్చింది. మరుసటి ఏడాది పడిన మరణశిక్షను జ్యూరీ ఎంపికలో జరిగిన పొరపాట్ల కారణంగా 2020లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కొట్టివేయగా, 2021లో పెరోల్ లేని యావజ్జీవ శిక్షగా మారింది. తాను నిర్దోషినని అతడు ఈనాటికీ అంటున్నాడు.

ఈ కథంతా చెబితే మా పెద్దమ్మ పడవ సంగతి పట్టించుకోలేదు. "ఆ పిల్ల అప్పుడు ఏం చేస్తోంది?" అని మాత్రం అడిగింది. డిసెంబర్ 14 రాత్రి లేసీ ఒక క్రిస్మస్ విందుకు ఒంటరిగా వెళ్లిందనీ, అదే రాత్రి ఆమె భర్త మరొక విందులో ఆ యువతి పక్కన నిలబడి ఫొటోలు దిగాడనీ చెప్పాను.