9008 కనిపించిందంటే మోడెం బతికే ఉన్నట్టు

"కార్డు చచ్చిపోయింది, కొత్తది వేయాల్సిందే" అని రొయ్యల గుంటల అలారం ప్యానెల్ అమ్మినవాళ్లు తేల్చేశారు. ఆ కార్డంటే ప్యానెల్లో సిమ్‌తో మెసేజ్‌లు, కాల్స్ పంపే మోడెం. మా మామ దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నెల్లూరు వస్తున్న ఫీడు ఆటోలో నా షాపుకి పంపించాడు. వెనకాలే ఫోను. "అబ్బయ్యా, ఒకసారి చూడు. నిజంగానే పోయుంటే కొందాంలే."

నేను బాగుచేసేది ఎక్కువగా ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు, మోటారు స్టార్టర్ బోర్డులు. సెల్ మోడెంలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఈ పని ఎలా నడిచిందో రాసిపెడితే, ఇలాంటి ప్యానెళ్లు చూసుకునేవాళ్లకి కొంచెం దారి దొరుకుతుందని రాస్తున్నాను.

మామకి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. అన్నీ వనామీ రకం రొయ్యలే. కరెంటు పోయినా, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినా ఫోనుకి మెసేజ్ పంపే ప్యానెల్ ఒకటి గట్టు మీద షెడ్డులో పెట్టించుకున్నాడు. రాత్రంతా పాచి, రొయ్యలు, అడుగు బురద అన్నీ ఆక్సిజన్ లాగేస్తూనే ఉంటాయి. ఎండ లేనిదే పాచి తిరిగి ఇవ్వదు. అందుకే తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అట్టడుగుకి చేరుతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉంటే ఫర్వాలేదు. 3 కిందికి జారిందంటే టెన్షనే. ఆ టైములో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. మరి ఆ వేళప్పుడు మెసేజ్ వస్తే ఎవరు లేస్తారు? మామకి కావలసింది ఫోన్ మోగడం.

ప్యానెల్లో ఉన్నది జియో సిమ్. జియోకి 2జీ, 3జీ లేవు కాబట్టి కాల్ వెళ్లాలంటే మోడెంలో వోల్టే, అంటే 4జీ మీదే కాల్ నడిపే పద్ధతి, ఉండాలి. అందుకు కొత్త ఫర్మ్‌వేర్ (మోడెం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కావాలని అమ్మినవాళ్లు ఒక కుర్రాడిని పంపారు. అతను షెడ్డులో కూర్చుని ఎక్కిస్తుండగా లైను పోయింది. జనరేటర్ అందుకునేలోపు ప్యానెల్ ఆరిపోయింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, మోడెంకి లేదు. మళ్లీ కరెంటు వచ్చాక చూస్తే మోడెంలో ఉలుకూ పలుకూ లేదు.

కవర్ విప్పి ముందు లేబుల్‌కి ఫోటో తీసుకున్నాను. క్వెక్‌టెల్ ఈసీ25-ఈ, మినీ పీసీఐఈ కార్డు, కింద ఐఎంఈఐ, అంటే ఆ కార్డు గుర్తింపు నంబర్. ఈ ఫోటో తర్వాత రెండుసార్లు అక్కరకొచ్చింది.

యూఎస్‌బీ అడాప్టర్లో కార్డు పెట్టి లినక్స్ ల్యాప్‌టాప్‌కి తగిలించాను. సిస్టం తన సంగతులు రాసుకునే కెర్నెల్ లాగ్‌లో ఒకటే గోల: డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ -71. మళ్లీ అదే, మళ్లీ అదే. పక్క షాపు అన్న తొంగిచూసి, "చిప్పు లేచిపోయుంటుంది, హాట్ గన్ కొట్టి చూడు" అన్నాడు. ఈ ఊళ్లో ప్రతి జబ్బుకీ మొదటి మందు హాట్ గన్నే! ఫర్మ్‌వేర్ సగంలో ఆగిన కార్డుకి వేడి పెడితే, ఉన్న జబ్బు పోదు సరికదా కొత్తది తగులుకుంటుంది.

-71 అంటే కార్డు పోయిందని కాదు. యూఎస్‌బీలో అటూ ఇటూ మాట సరిగా అందడం లేదని. అందుకు సాధారణంగా కారణం కేబులో, సప్లయో. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపులు. ఇలాంటి మోడెం 2జీలో సిగ్నల్ పంపే క్షణాల్లో 2 ఆంపుల దాకా లాగుతుంది. ఆ ఒక్క క్షణం వోల్టేజీ కుంగినా చాలు, రీసెట్ అయిపోతుంది. అసలు ఈ కార్డు అంతదూరం వెళ్తోందో లేదో గానీ, సప్లయి విషయంలో అనుమానం పెట్టుకుని ముందుకెళ్లడం నాకు ఇష్టం లేదు. అడాప్టర్‌కి బెంచి సప్లయి నుంచి విడిగా 5 వోల్టులు ఇచ్చి, పొడుగు కేబుల్ తీసేసి జానెడు కేబుల్ పెట్టాను.

అప్పుడు యూఎస్‌బీ గుర్తింపు నంబర్ వచ్చింది: 05సి6:9008.

ఈ నంబర్ చూడగానే నాకు సగం పని అయిపోయినట్టే అనిపించింది. ఈ కార్డులో ఉన్నది క్వాల్‌కామ్ చిప్. దాని లోపల బూట్ రోమ్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఫ్యాక్టరీలోనే శాశ్వతంగా పడిపోయి ఉంటుంది. ఏ అప్‌డేటూ దాన్ని ముట్టుకోదు, చెరపలేదు. కరెంటు రాగానే అది నాండ్ ఫ్లాష్‌లో (కరెంటు పోయినా రాత నిలిచే మెమరీ) తర్వాతి బూట్‌లోడర్ కోసం, అంటే మిగతా సాఫ్ట్‌వేర్‌ని లేపే ప్రోగ్రాం కోసం, వెతుకుతుంది. దొరక్కపోతే, లేదా సగమే ఉంటే, యూఎస్‌బీ మీద 9008 అనే పేరుతో కూర్చుని "ఎవరైనా ఏదైనా ఇవ్వండి" అని ఎదురుచూస్తుంది. దీన్నే ఎమర్జెన్సీ డౌన్‌లోడ్ మోడ్ అంటారు, పొట్టిగా ఈడీఎల్. విండోస్‌లో అయితే డివైస్ మేనేజర్లో క్యూడీలోడర్ 9008 అని కనిపిస్తుంది. అంటే చిప్పూ, దాని యూఎస్‌బీ లైన్లూ బాగానే ఉన్నాయి, పాడైంది బహుశా ఫ్లాష్‌లోని రాతే.

కొన్ని కార్డులు తమంతట తాము ఈ మోడ్‌లోకి రావు, బూట్‌లోడర్ సగం లేచి బిగుసుకుపోతుంది. వాటికి యూఎస్‌బీ_బూట్ అనే పాయింటుంది. పవర్ ఇచ్చేటప్పుడు దాన్ని మాడ్యూల్ తనే బయటికిచ్చే 1.8 వోల్టుల లైనుకి కలపాలి. చేతికందింది కదా అని 3.3 వోల్టులు పెడితే మాత్రం ఆ కార్డుకి నిజంగానే కాలం చెల్లొచ్చు. నాకు ఆ అవసరం రాలేదు.

ఇక ఫర్మ్‌వేర్. అన్నిటికంటే విసిగించింది ఇదే. ప్యానెల్ అమ్మినవాళ్లు "అది మేం బయటికివ్వం" అన్నారు. ఇంటర్నెట్‌లో ఎవరెవరో పెట్టిన జిప్ ఫైళ్లు బోలెడున్నాయి గానీ ముట్టుకోలేదు. ఈసీ25 అనేది ఒకటి కాదు, ఈసీ25-ఈ, ఈసీ25-ఏ, ఈసీ25-ఏయూ అని ప్రాంతాన్నిబట్టి రకాలున్నాయి, ఒక్కోదానికి బ్యాండ్లు (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలు) వేరు. మన దగ్గర వాడే బ్యాండ్ 3, 5, 40 ఈసీ25-ఈలో ఉన్నాయి. ఫైలు పేరులోనే ఏ రకానిదో ఉంటుంది, దాన్ని లేబుల్‌తో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. చివరికి మాడ్యూళ్లు తెప్పించే ఒక డిస్ట్రిబ్యూటర్‌కి లేబుల్ ఫోటో పెట్టి, విషయం రాసి, కాళ్లావేళ్లా పడితే సరైన ప్యాకేజీ పంపారు.

లినక్స్‌లో ఎక్కించడానికి క్యూఫైర్‌హోస్ అనే టూల్ ఉంది. పని రెండు మెట్లు. ముందు సహారా అనే పద్ధతిలో బూట్ రోమ్‌కి ఒక చిన్న ప్రోగ్రాం అందించాలి, అది ర్యామ్‌లో లేచి కూర్చుంటుంది. తర్వాత ఆ ప్రోగ్రామే ఫైర్‌హోస్ పద్ధతిలో మనం పంపే ముక్కల్ని ఫ్లాష్‌లో ఎక్కడివక్కడ రాస్తుంది. మొదట కొట్టినప్పుడు టూల్ సహారా దగ్గరే నిలబడిపోయింది. ఎర్రర్ లేదు, కదలిక లేదు. సంగతేమిటంటే, కార్డు తగిలించగానే బూట్ రోమ్ ఒక హలో పంపుతుంది. దాన్ని అందుకున్నవాడితోనే తర్వాతి మాటలు. లినక్స్‌లో మోడెంమేనేజర్ అనే సర్వీసు కొత్త పోర్టు కనబడితే చాలు వెళ్లి తడుముతుంది. ఆ హలో దాని పాలైంది, నా టూల్ వచ్చేసరికి అవతల మౌనం. సర్వీసు ఆపేసి, కార్డుకి పవర్ తీసి మళ్లీ ఇచ్చి, వెంటనే టూల్ నడిపాను. ఈసారి స్క్రీన్ మీద వరసలు పరుగెత్తాయి: ప్రోగ్రామర్ వెళ్లింది, పార్టిషన్ టేబుల్ పడింది, బూట్‌లోడర్, మోడెం, కెర్నెల్, సిస్టం. బెంచి సప్లయిని అప్పటికే యూపీఎస్ మీదికి మార్చాను. నా షాపులోనూ లైను పోదన్న గ్యారంటీ ఏమీ లేదు కదా.

రాయడం పూర్తయ్యాక కార్డు తనే రీసెట్ అయింది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత 2సి7సి:0125, దాని అసలు నంబర్, నాలుగు సీరియల్ పోర్టులతో సహా వచ్చింది. మోడెంతో మాట్లాడే ఏటీ కమాండ్లకి మూడో పోర్టు. "ఏటీ" అని కొడితే "ఓకే" అంది.

నేను అసలు భయపడింది ఐఎంఈఐ గురించి. అదీ, రేడియో క్యాలిబ్రేషనూ (సిగ్నల్ సరిగా నడిచేలా చేసిన సర్దుబాటు కొలతలు) ఆ ఒక్క కార్డుకే సొంతమైన డేటా, ఏ ఫర్మ్‌వేర్ ప్యాకేజీలోనూ ఉండదు. మొత్తం ఫ్లాష్ చెరిపేసే ఆప్షన్ వాడితే క్యాలిబ్రేషన్ పోయినట్టే, తెచ్చుకునే దారి మన చేతుల్లో లేదు. అందుకే దాని జోలికి పోలేదు. అడిగి చూస్తే నంబర్ లేబుల్ ఫోటోలో ఉన్నదే. ఐఎంఈఐ పోయిన కార్డులో ఏదో ఒక నంబర్ కొట్టేయమని సలహాలిచ్చేవాళ్లుంటారు. ఐఎంఈఐ మార్చడం నేరమని 2017లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది, ఆ సలహా వినకండి.

మిగతావి చిల్లర పనులు. నెట్ కనెక్షన్ కోసం పెట్టే ఏపీఎన్ పేరు ఎగిరిపోయింది, జియోనెట్ అని మళ్లీ పెట్టాను. సిగ్నల్ 99 చూపించింది, అంటే అసలు లేనట్టు. యాంటెన్నా తగిలిస్తే 20 దాటింది. వోల్టే ప్రొఫైల్ ఎంచి, దానికి కావలసిన ఐఎంఎస్ సెట్టింగ్ ఆన్ చేసి, నా నంబర్‌కి డయల్ చేయిస్తే ఫోన్ మోగింది.

గుంటల దగ్గరికి నేనే వెళ్లి బిగించాను. ప్యానెల్ లోపల మోడెం లైనుకి ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ, దాని ఛార్జరు, 5 వోల్టులకి తగ్గించే కన్వర్టరు అదనంగా పెట్టాను. ఆ ఖర్చు మామకి ముందే చెప్పాను. తర్వాత ఆయన మెయిన్ దించాడు. ఏరేటర్లు ఆగాయి, జేబులో ఫోన్ మోగింది, ఎత్తకుండా నంబర్ చూసుకుని నవ్వాడు.

"పక్క గుంటలోళ్లదీ ఇదే డబ్బా అబ్బయ్యా. వాళ్లకీ ఆ అప్‌డేట్ ఎక్కించాలంట."

షెడ్డులో కుదరదు, కార్డు పీకి షాపుకి పంపమన్నాను.