అకిలిస్ తెగాక మళ్లీ ఎగరాలంటే

మడమ పైన టప్‌మని శబ్దం, వెనక నుంచి ఎవరో గట్టిగా తన్నినట్టు దెబ్బ. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. పిక్కను మడమకు కలిపే తాడులాంటి అకిలిస్ టెండన్ తెగినవాళ్లలో చాలామంది ఇదే చెబుతారు, డాక్టరుకు నేను చెప్పిందీ ఇదే. జర్మనీలో రెండో స్థాయి బాస్కెట్‌బాల్ లీగ్‌లో గార్డ్‌గా ఆడతాను. సీజన్ కాంట్రాక్టు మీద పరాయి దేశంలో ఆడేవాడికి ఈ గాయమైతే వైద్యంతోపాటు కాగితాల పనీ మొదటి రోజే మొదలవుతుంది.

ముందు గాయం తేల్చుకోవాలి. నొప్పిని నమ్మి లాభం లేదు. 2013 ఏప్రిల్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ స్టార్ కోబీ బ్రయంట్ తెగిన అకిలిస్‌తోనే రెండు ఫ్రీ త్రోలు వేసి కోర్టు దిగాడు. తెగాక కూడా వేళ్లు ఆడతాయి, పాదం కొంచెం కిందికి వంగుతుంది, పిక్క లోపలి వేరే కండరాలు ఆ పని చేస్తాయి కాబట్టి. అందుకే బెణుకు అనుకుని ఐస్ పెట్టి పంపేస్తుంటారు. బోర్లా పడుకుని పాదాలు బల్ల అంచు బయట వదిలేసి, పిక్కను పిసికించుకోండి. బాగున్న పాదం కిందికి కదులుతుంది, తెగినది కదలదు. మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన వేలికి గుంట తగులుతుంది. రక్త సరఫరా తక్కువగా ఉండే ఆ భాగంలోనే ఎక్కువగా తెగుతుంది. కట్టు వేసేటప్పుడు వేళ్లు నేలవైపు చూసేలా పాదాన్ని ఉంచాలి. తొంభై డిగ్రీల్లో కట్టేస్తే తెగిన కొసలు దూరంగా జరిగిపోతాయి.

జర్మనీలో జీతం తీసుకుని ఆడేవాడికి ఆటలో తగిలిన గాయం పని ప్రమాదం కిందికి వస్తుంది. అలాంటి ప్రమాదాలు చూసే అనుమతి ఉన్న ‘డీ-ఆర్ట్స్ట్’ అనే డాక్టరు దగ్గరికే వెళ్లాలి. మొదటి ఆరు వారాలు క్లబ్ జీతం ఇస్తుంది. తర్వాత వీబీజీ అనే ప్రమాద బీమా సంస్థ గాయభత్యం చెల్లిస్తుంది. చిక్కంతా ఇక్కడే. ఈ టెండన్ ముందే అరిగిపోయి ఉంది, ఆటవల్ల తెగింది కాదు అనే వాదన తరచుగా వస్తుంది. కాబట్టి ప్రమాద నివేదికలో ‘పరుగెత్తుతుంటే నొప్పి వచ్చింది’ అని రాయించి ఊరుకోవద్దు. ఏ క్వార్టర్‌లో, ఏ అడుగు వేస్తుంటే, ఎవరి పాదం మీద దిగితే జరిగిందో ఉన్నదున్నట్టు రాయించి, మ్యాచ్ వీడియోలో ఆ ముక్క దాచుకోండి. ‘పరస్పర అంగీకారంతో కాంట్రాక్టు రద్దు’ అన్న కాగితం ఎంత స్నేహంగా ముందు పెట్టినా ఏజెంటు, లాయరు చూడకుండా సంతకం చేయొద్దు.

ఆపరేషనా, లేక కోత లేకుండా పాదాన్ని కదలనివ్వని వైద్య బూటా? 2022లో వెలువడిన నార్వే పరిశోధనలో ఏడాది తర్వాత కాలి పనితీరులో పెద్ద తేడా కనబడలేదు. కానీ మళ్లీ తెగడం కోత లేనివాళ్లలో 6.2 శాతం, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 0.6 శాతం. కోతలో నరం దెబ్బతినే ముప్పు ఎక్కువ, చిన్న రంధ్రాల పద్ధతిలో మరీ. ఎగరడమే బతుకుతెరువైనవాళ్లు ఎక్కువగా ఆపరేషన్‌వైపే మొగ్గుతారు.

ఇంటికెళ్లి చేయించుకోవాలనిపించడం సహజం. అయితే కట్టుతో కదలని కాలు, పైన గంటల తరబడి విమానం, రెండూ కలిస్తే పిక్క సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం. ప్రయాణం తప్పదంటే రక్తం గడ్డకట్టకుండా పొట్ట దగ్గర వేసుకునే హెపారిన్ ఇంజెక్షన్ సంగతి డాక్టరుతో తేల్చుకున్నాకే టికెట్టు.

మొదటి రెండు వారాల తర్వాత చాలాచోట్ల బూటుతోనే బరువు మోపనిస్తారు. బూటులో మడమ కింద దిమ్మలుంటాయి, వాటిని వారానికో రెండు వారాలకో ఒకటి చొప్పున తీస్తారు. మంచి కాలికి ఎత్తు మడమ షూ వేసుకోకపోతే నడుము పట్టేస్తుంది. నిద్రలోనూ బూటు ఉండాల్సిందే. తిరిగి తెగేది ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే, తడి బాత్రూంలో జారినా చాలు.

అసలు భయపడాల్సింది టెండన్ అతుక్కోదేమో అని కాదు, సాగి అతుక్కుంటుందేమో అని. వదులైన తాడుతో బొక్కెన లాగినట్టే, పిక్క ఎంత బలంగా లాగినా మడమ పైదాకా లేవదు. జంప్ పోయేది అందుకే. బూటు తీశాక బిగుసుకుపోయినట్టుంటే టవల్‌తో పాదాన్ని వెనక్కి లాగి సాగదీయాలనిపిస్తుంది. వద్దు. దాదాపు పన్నెండు వారాల వరకు పాదం తొంభై డిగ్రీలు దాటి పైకి వంగకూడదు. ఆ బిగుతే తర్వాత మనల్ని ఎగరేసేది.

బలం కూర్చుని మొదలవుతుంది. మోకాలు వంచి మడమలెత్తితే పిక్క లోపలి కండరం సోలియస్ పనిచేస్తుంది, నిలబడి ఎత్తితే పై పిక్క. తర్వాత రెండు కాళ్లతో లేచి ఒక కాలితో నెమ్మదిగా దిగడం, ఆపైన ఒక్క కాలితోనే లేవడం. ఒక్క కాలి మీద మడమ లేవనంతకాలం పరుగు ఊసే వద్దు. లేచాక సంఖ్యతోపాటు ఎత్తు కూడా కొలవండి. ఇరవై అయిదు సార్లు లేచినా మంచి కాలి ఎత్తులో సగమే అయితే అది సగం పనే. రెండు కాళ్లకూ తేడా పది శాతంలోపు రావాలి. ఆటకు తొమ్మిది నుంచి పన్నెండు నెలలు. అమెరికా క్రీడాకారిణి బ్రియానా స్టీవర్ట్ 2019 ఏప్రిల్‌లో హంగరీలో యూరోలీగ్ ఫైనల్లో అకిలిస్ తెగి, 2020లో సియాటిల్ జట్టుకు టైటిల్ గెలిపించి ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ క్రీడాకారిణి) అయింది. మధ్యలో అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఒక సీజన్ మొత్తం వదులుకుంది.

మన ఊళ్లలో విరేచనాలైతే చీటీ లేకుండా కొనేసే సిప్రోఫ్లాక్సాసిన్, ఆ కుటుంబపు లెవోఫ్లాక్సాసిన్ టెండన్లను బలహీనపరచగలవు, స్టెరాయిడ్‌తో కలిస్తే ఇంకా ఎక్కువ. ఏ దేశంలో ఏ డాక్టరు యాంటీబయాటిక్ రాసినా ఈ గాయం సంగతి ముందే చెప్పాలి.

తర్వాతి క్లబ్ వైద్య పరీక్షలో స్కాన్‌తోపాటు పిక్క చుట్టుకొలత, మడమ ఎత్తు కూడా చూస్తారు. పాత రిపోర్టులు, ఆపరేషన్ వివరాలు, బలం కొలతలు ఇంగ్లిష్‌లో సిద్ధంగా పెట్టుకోండి. వైద్య పరీక్ష ఎన్ని రోజుల్లో ముగియాలో, నెగ్గాక పాత గాయం పేరుతో కాంట్రాక్టు రద్దు కుదరదనీ రాయించుకోండి. తగాదా వస్తే జెనీవాలోని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ తీర్పు చెప్పాలన్న వాక్యం కూడా ఉందో లేదో చూడండి. ఆ వాక్యం మీద ఇరుపక్షాల ఒప్పుకోలు లేకపోతే ఆ ట్రిబ్యునల్ కేసు తీసుకోదు.