రెండుసార్లు విన్న 28

మొన్న భోగికి ఏడాది నిండింది. ఇన్నాళ్ళూ రాద్దామని కూర్చుంటే ఆ రాత్రి గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడేది. ఇప్పుడు రాయగలను.

మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. నలభై దాటినవాళ్ళని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఐదేళ్ళకోసారి పిలిచి ఆరోగ్య పరీక్ష చేస్తుంది. నేను 43వ ఏట వెళ్ళాను. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 81 కిలోలు, ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 28. మా అమ్మకి షుగర్ ఉంది, నాక్కూడా రక్త పరీక్ష రాస్తారా అని అడిగాను. డాక్టరు నవ్వారు. "బయట హాల్లో కూర్చున్నవాళ్ళని చూశారా? వాళ్ళ పక్కన మీరు సన్నగా ఉన్నట్టే. బీఎంఐ ముప్పై దాటినప్పుడు చూద్దాం" అన్నారు.

ఆ మాట నమ్మి ఇంటికొచ్చి హాయిగా తిన్నాను. మా అమ్మ పంపిన మొలతాడు ఏడాదికోసారి వదులు చేసుకుంటూనే ఉన్నాను, అయినా అనుమానం రాలేదు.

2022 సర్వే ప్రకారం ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ళలో నూటికి 64 మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. చుట్టూ అందరూ అలా ఉంటే కంటికి ఏది లావో తెలియకుండా పోతుంది, ఒప్పుకుంటాను. కానీ డాక్టరు కంటిచూపుతో తేలిస్తే ఎలా? మనలాంటి దక్షిణాసియా వాళ్ళకి బీఎంఐ 23 నుంచే అధిక బరువు, 27.5 నుంచే ఊబకాయం. కొవ్వు పొట్టలోనూ కాలేయంలోనూ చేరి, తక్కువ బరువుకే మనకి షుగర్ వస్తుంది. ఇది ఇక్కడ వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లోనే చెప్పింది. 27.5 దాటిన మనవాళ్ళకి రక్త పరీక్ష చెయ్యాలనీ ఉంది. ఆయన ఒక్క చీటీ రాస్తే సరిపోయేది. ఈ కోపం నాకింకా తగ్గలేదు.

తర్వాతి డిసెంబరులో ఫ్లూ వచ్చింది. అది తగ్గినా దాహం తగ్గలేదు. రాత్రి ఐదారుసార్లు లేచేవాణ్ణి. రెండు వారాల్లో 5 కిలోలు తగ్గాను, ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. కూల్‌డ్రింకుల మీద 2018 నుంచి చక్కెర పన్ను ఉంది కాబట్టి అవి చెడ్డవనుకుని ముట్టేవాణ్ణి కాదు. పండ్లరసానికి ఆ పన్ను లేదు. ఒంటికి మంచిదే కదా అని నారింజరసం రోజుకో లీటరు తాగాను. తెలిసి ఎవరూ చెయ్యని పని అది.

భోగి తెల్లవారుజామున రెండింటికి నా మాట ముద్దగా వచ్చిందట, పిల్లల పేర్లు తారుమారు చేశానట. మా ఆవిడ 999కి ఫోన్ చేసి, భయం పట్టలేక తెనాలికి వీడియో కాల్ చేసింది. అక్కడప్పుడు ఏడున్నర. అంబులెన్స్‌లో వచ్చినామె నా వేలు గుచ్చి "ఇరవై ఎనిమిది" అంది. ఫోన్‌లోంచి మా అమ్మ కేక పెట్టింది. "ఇరవై ఎనిమిదా! పడిపోయిందే అమ్మాయ్! పంచదార, ముందు వాడి నోట్లో పంచదార పొయ్యి!"

పదిహేనేళ్ళుగా షుగర్‌తో ఉన్న మనిషి ఆమె. డెబ్బైకి దిగితేనే చెమటలు పట్టడం తెలుసు. మా ఆవిడ వంటింట్లోకి పరిగెత్తి చెంబెడు నీళ్ళలో పంచదార కలిపి తెచ్చేసింది. నా తల ఎత్తి పెదాలకి ఆనించబోతుంటే ఆ అంబులెన్స్ ఆమె మణికట్టు పట్టుకుంది. ఇక్కడి లెక్క వేరు, మన లెక్కలోకి రావాలంటే 18తో గుణించాలి. 28 అంటే 504. ఆ చెంబు నాకు గుర్తులేదు గానీ కలలోకి వస్తూనే ఉంటుంది. ఆ చెయ్యి పట్టుకున్నామె పేరు కూడా నాకు తెలియదు. రోజూ దీపం పెట్టినప్పుడు ఆవిణ్ణి తలుచుకుంటాను.

సెలైన్లు, ఇన్సులిన్, నాలుగు రోజుల ఆస్పత్రి. డాక్టరుగారి క్లినిక్కుకి ఉత్తరం రాస్తే "మీకు అలా అనిపించినందుకు చింతిస్తున్నాం" అని జవాబొచ్చింది. నాకు అనిపించడమేమిటి?

కోపంగా ఉన్నా ఒక మాట చెప్పాలి. నన్ను నిలబెట్టిందీ అదే ఎన్‌హెచ్‌ఎస్. మార్చిలో ఇన్సులిన్ ఆపేశాక, బరువు తగ్గి షుగర్ వెనక్కి మళ్ళే కార్యక్రమంలో చేర్చారు. న్యూకాజిల్, గ్లాస్గో ప్రొఫెసర్లు రాయ్ టేలర్, మైక్ లీన్ చేసిన అధ్యయనం దానికి ఆధారం. 2017లో వాళ్ళు చూపించినదాని ప్రకారం, ఆ పద్ధతి పాటించినవాళ్ళలో నూటికి 46 మందికి ఏడాదిలో మందుల అవసరం లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది. పన్నెండు వారాలు సూపులూ షేక్‌లే, రోజుకి 800 పైచిలుకు క్యాలరీలు. ఉగాది పచ్చడి నాలిక్కి రాసుకుని లేచిపోయాను. వారం వారం ఫోన్ చేసిన కోచ్ ఒక్కసారీ విసుక్కోలేదు. ఆ మూడు నెలలూ మా ఆవిడ ఇంట్లో తాలింపు వాసన రానివ్వలేదు. నేనడగలేదు, తనే మానేసింది.

ఇప్పుడు 66 కిలోలు. మాత్రలు మానేసి ఐదు నెలలు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 44, మన లెక్కలో 6.2. మళ్ళీ రావచ్చన్నారు, ఏటా చూపించుకుంటాను. వైకుంఠపురంలో అమ్మ మొక్కుకున్న మొక్కు వేసవిలో తీర్చాలి.

మీ ఎత్తుకి సరిపడా దారం తీసుకుని సగానికి మడవండి. అది నడుం చుట్టూ అందకపోతే, ఎవరు సన్నగా ఉన్నావన్నా వినకుండా రక్త పరీక్ష అడగండి. రాయకపోతే మళ్ళీ అడగండి.

నిన్న అమ్మ ఫోన్‌లో వంటింటి గోడ చూపించింది. క్యాలెండరు పైన ఎర్ర స్కెచ్‌పెన్‌తో పెద్దగా రాసుకుంది: "అబ్బాయి అంకె ఇంటూ 18."